మాట తెగని బాట

మూడో మలుపు దగ్గర, వాననీళ్ళు పోవడానికి బాటకు అడ్డంగా తీసిన కాలువలో ఇరుక్కున్న ఆకులను నిదానం చేత్తోనే తీస్తున్నాడు. పార లేక కాదు, అది చెట్టుకు ఆనించి ఉంది. కాలువ అడుగున పరిచిన రాళ్ళలో ఒకటి కదిలితే ఆ సంగతి పారకు తెలియదు, వేళ్ళకు తెలుస్తుందని అతని నమ్మకం. తడి ఆకులను గుప్పిళ్ళతో లోయవైపు విసిరి, రాళ్ళ మీద అరచేత్తో ఒకసారి నిమిరి చూసి లేచాడు. లేవడానికి మోకాలి మీద చెయ్యి ఆనించాల్సి వచ్చింది. అది మాత్రం అతనికి నచ్చలేదు.

నిదానం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట రాళ్ళు మోసే కూలీగా ఈ కొండకు వచ్చినప్పుడు, తోటివాళ్ళు పరుగుల మీద పనిచేస్తుంటే ఇతను "నిదానం, నిదానం" అంటూ వెనకాల ఉండేవాడు. మొదటి వానకు వాళ్ళ గోడ కూలింది, ఇతని గోడ నిలిచింది. అప్పటినుంచి ఆ మాటే పేరైపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు, దానితో పిలిస్తే అతను పలుకుతాడో లేదో కూడా అనుమానమే.

మనిషి పొట్టి. ఎండకు మాడి, వానకు నాని, మెడ వెనక చర్మం పాత తోలుసంచిలా ముడతలు పడింది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో రాయి కింద నలిగి, ఇంక సరిగ్గా మొలవనని మొండికేసింది. పిక్కలు మాత్రం ఇప్పటికీ పాతికేళ్ళ కుర్రాడివి. వాటిని చూసుకుని లోలోపల కాస్త గర్వపడతాడు కూడా, తప్పేముంది!

ఈ అడవి కొండల్లో నడిచేవాళ్ళ కోసం బాటలు వేయడం అతని ఉద్యోగం. మిగతా మేస్త్రీలకు శిఖరానికి పోయే బాటలంటే ప్రాణం. ఇతనికి అవి పట్టవు. "కాళ్ళల్లో సత్తువున్నవాడు ఎట్లాగైనా ఎక్కుతాడు, వాడికి మనమెందుకు?" అంటాడు. ఇతనివన్నీ సులువు బాటలు. ముసలివాళ్ళు, నెలలు నిండుతున్నవాళ్ళు, ఆపరేషన్ అయి మూడు నెలలైనా కానివాళ్ళు కూడా అడవి లోపలికి వెళ్ళి జలపాతం చూసి రావాలి. అలాంటివి పదకొండు వేశాడు. ఒక్కదానిలోనూ మెట్టు లేదు. మెట్టు కట్టడమంటే మేస్త్రీ చేతులెత్తేయడమేనని అతని లెక్క.

బాట సులువో కాదో తేల్చడానికి అటవీశాఖ ఆఫీసువాళ్ళకు కొలతలున్నాయి. నిదానానికి వేరే పరీక్ష ఉంది. పెళ్ళైన కొత్తలో భార్యను తన మొదటి బాట మీద నడిపించాడు. ఆమె పుట్టింటి కబుర్లు చెబుతూ చెబుతూ ఒకచోట సగం మాటలో ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంది. అతను ఆ చోటు గుర్తుపెట్టుకున్నాడు. మర్నాడు గడ్డపార పట్టుకుని వెళ్ళి, అక్కడ జానెడు ఎత్తు తగ్గించి, మలుపును పదడుగులు అవతలికి జరిపాడు. మాట తెగితే బాట తప్పు. అంతే, దానికి తిరుగులేదు. భార్య పోయాక ఆ పరీక్షకు అక్క వచ్చింది. అక్కకూ భర్త లేడు, తమ్ముడి దగ్గరే ఉంటుంది. నోటికి తాళం వేసే అలవాటు పుట్టుకతోనే లేని మనిషి కనుక ఈ ఉద్యోగానికి ఆమెను మించినవాళ్ళు లేరు.

పరీక్షలో సగం దారి అక్క చెబుతుంది, తమ్ముడు ఊకొడతాడు. తర్వాత తమ్ముడి వంతు. అతనికి కబుర్లు చేతకావు, అందుకని ఎక్కాలు చదువుతాడు. నెల కిందట, వానలు వెలిశాక, పదమూడో ఎక్కం చదువుతూ ఈ బాటలో మూడో మలుపు ఎక్కుతుంటే డెబ్బై ఎనిమిది దగ్గర మాట తెగింది. తొంభై ఒకటి నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయి, కాసేపటికి వదిలేసింది. అతను వెంటనే వంగి నేలను చూశాడు. వానకు మట్టి జారి వాలు పెరిగి ఉంటుంది.

"అక్కా, నీకేమన్నా ఆయాసం వచ్చిందా ఇక్కడ?" అని అడిగాడు.

అక్క ఒక క్షణం తమ్ముడి మొహంలోకి చూసింది. అతని పెదవుల చుట్టూ తెల్లగా ఉంది. "వచ్చిందిరా" అని, నడుం మీద చెయ్యి పెట్టుకుని రొప్పింది.

ఆ వారం మలుపు తవ్వి మళ్ళీ వేశాడు. ఇద్దరూ నడిచారు. మళ్ళీ అక్కడే తెగింది, అక్కకూ తెగింది. ఇంకా తవ్వాడు. మూడోసారీ అంతే. ముప్పై ఎనిమిదేళ్ళలో ఏ కొండా అతన్ని ఇంతగా ఏడిపించలేదు. ఆరు నూరైనా దీని సంగతి తేల్చాలనుకుంటుండగానే ఆఫీసు నుంచి కబురొచ్చింది. తనిఖీ అధికారి వస్తున్నాడు. ఎక్కడ ఇబ్బంది కనిపించినా ముఖద్వారం దగ్గరి 'సులువు బాట' అన్న ఆకుపచ్చ పలక తీసేసి 'మధ్యస్థం' అని పసుపు పలక పెడతారు. పసుపు పలక చూస్తే ఎవరు తిరిగి వెళ్ళిపోతారో నిదానానికి బాగా తెలుసు. ఎవరికోసం బాట వేశాడో సరిగ్గా వాళ్ళే.

ఆ తనిఖీ ఇవాళే. పది గంటలకు అక్క కిందినుంచి వచ్చింది.

"వాళ్ళొచ్చేశారురా. ఆఫీసరు వాళ్ళమ్మను కూడా తెచ్చుకున్నాడు. డెబ్బై ఆరేళ్ళట. కారు దిగినప్పట్నుంచీ మాట్లాడుతూనే ఉంది, నాకే అడ్డం పడే సందు దొరకలేదంటే చూసుకో!"

"నీకే దొరకలేదా?" నిదానం నవ్వాడు. "అయితే ఆఫీసరు కొలతలెందుకు, ఆవిడ చాలు."

అధికారి ఫోనులో వాలు చూసుకుంటూ ముందు నడుస్తున్నాడు. కొడుకు వింటున్నాడో లేదో పట్టించుకోకుండా పెద్దావిడ వెనకనుంచి చెబుతూనే ఉంది. నిదానం, అక్క పక్కకు తప్పుకుని దారిచ్చి, వాళ్ళ వెనకే కదిలారు.

"మీ నాన్న సైకిలు ఎక్కడం ఒక్క పూటలో నేర్చుకున్నాడురా. దిగడం ఎవరూ నేర్పలేదు..."

మలుపు మొదలైంది. నిదానం చెవులు రిక్కించాడు. ఆవిడ పాదాలు చిన్నవి, గుడ్డ బూట్లలో ఉన్నాయి. ఒకటి పడింది, రెండోది పడింది.

"...చెప్పుకోవడానికి నామోషీ. ఊరి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఎదురొచ్చిన ప్రతివాడికీ నవ్వుతూ చెయ్యూపాడు, ఏదో సరదాకి తిరుగుతున్నట్టు. నాలుగోసారి మా ఇంటి ముందుకొచ్చేసరికి మొహం చూశాను, ఏడుపొక్కటే తక్కువ..."

మలుపు నడిమికి వచ్చారు. తొంభై ఒకటి నిలిచిపోయిన చోటు. నిదానం తన ఊపిరి బిగబట్టాడు.

"...నేనే వెళ్ళి వెనక సీటు పట్టుకుని ఆపాను. ఆపితే ఏమన్నాడో తెలుసా, 'ఎందుకాపావు, ఇంకో రెండు చుట్లు తిరుగుదామనుకున్నా' అన్నాడు. వింటున్నావట్రా?"

మలుపు దాటేశారు. మాట ఎక్కడా తెగలేదు. కనీసం నూలుపోగంత సన్నబడలేదు కూడా.

అధికారి ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. "బాగుంది మేస్త్రీ గారూ. మా అమ్మ ఆగకుండా నడిచిందంటే ఇంక నేను చూసేదేముంది? ఆకుపచ్చ పలకే ఉంటుంది. పైన జలపాతం చూసి వస్తాం."

"వెళ్ళిరండి బాబూ. ఇంకా మెత్తగానే ఉంటుంది దారి."

వాళ్ళు చెట్ల మధ్య కనుమరుగయ్యేదాకా నిదానం మలుపు చివర తాను వేసిన బెంచీ పక్కన నిలబడ్డాడు. ఆనందంగానే ఉంది. ఆనందం వెనకాలే ఇంకోటి నెమ్మదిగా వచ్చి నిలబడింది. డెబ్బై ఆరేళ్ళ మనిషికి ఇక్కడ ఆయాసం రాలేదు. అరవై రెండేళ్ళ అక్కకు ఎందుకొచ్చింది? అతను తిరిగి చూసేసరికి అక్క తల వంచుకుని కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. నోరు మెదపడం లేదు. అది చాలు అతనికి.

"అక్కా, నీకు ఒక్కసారన్నా నిజంగా ఆయాసం వచ్చిందా ఇక్కడ?"

"రాలేదురా" అంది. అనగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆ రోజు నీ మొహం పాలిపోయింది. నాన్న చివరి రోజుల్లో అట్లాగే ఉండేవాడు. నాకు రాలేదని చెబితే తేడా నీలోనే ఉందని తెలిసిపోతుంది. పని మాన్పించేస్తారు. పని లేకపోతే నువ్వేమైపోతావోనని భయమేసింది. మట్టిదే తప్పనుకుంటే నాలుగు రోజులు ధైర్యంగా ఉంటావనుకున్నా. నువ్వు మళ్ళీ మళ్ళీ తవ్వుతావని నాకేం తెలుసు? నా చేతులతో నేనే నీ చేత గడ్డపార పట్టించానురా తమ్ముడూ."

నిదానానికి కోపం రావాలి. రాలేదు. నెలరోజులుగా గుండె మీద బండలా కూర్చున్న మలుపు ఒక్కసారిగా తేలికైపోయింది. అతను పకపకా నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నడవలేక బాట వంకర అన్నానన్నమాట! పిచ్చి మొహమా, ఏడుస్తావేంటి? నా బాటలో తప్పు లేదు, విన్నావా? మొదట వేసినప్పుడూ లేదు. నేను పాడైతే ఏముంది, డాక్టరుంటాడు. బాట పాడైతే మళ్ళీ నేనే కదా చెయ్యాలి."

"రేపే పోదాంరా. నువ్వు కాదంటే ఊరుకోను."

"రేపు ఫస్ట్ బస్సుకే. ఒట్టు. నువ్వు కిందికెళ్ళి బస్సు టైము కనుక్కో, గుమస్తాకి రేపు రానని చెప్పు. ఈ లోపల నేను కాసేపు కూర్చుంటా."

"నాతోపాటే దిగరాదూ?"

"కాస్త కూర్చోనీ అక్కా. వేసినవాణ్ణి, ఒక్కరోజు కూడా ఈ బెంచీ మీద కూర్చోలేదు."

అది నిజమే. బెంచీ గట్టిగా ఉందో లేదో చూడటానికి ఊపేవాడు తప్ప కూర్చున్నది లేదు. అక్క రెండుసార్లు వెనక్కి చూసి, కొంగుతో మొహం తుడుచుకుని దిగిపోయింది. నిదానం వెనక్కి వాలి కాళ్ళు చాపాడు. ఎదురుగా లోయలో మంచు విడిపోయి అవతలి కొండ ఒళ్ళంతా ఎండ పరుచుకుంది. ఇన్నేళ్ళుగా అతను నేల చూపులే చూశాడు. ఇక్కడ కూర్చుంటే ఇంత కనిపిస్తుందని తెలియనే తెలియదు. పైనుంచి పెద్దావిడ గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు, ఆగకపోవడం మాత్రం తెలుస్తోంది. మంచి పని చేశాననుకున్నాడు. ఛాతీలో పిడికిలి మళ్ళీ బిగిసింది. అతను దానితో కూడా "నిదానం" అన్నాడు. ఈసారి అది వదల్లేదు.

మధ్యాహ్నం ముఖద్వారం దగ్గర తల్లీకొడుకులు కారెక్కుతుంటే, బస్సు సంగతి కనుక్కుని వస్తున్న అక్క ఎదురైంది.

పెద్దావిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "అమ్మాయ్, మీ తమ్ముడు బెంచీ మీద నిద్రపోతున్నాడు. మావాడు చెప్పి వస్తానంటే నేనే వద్దన్నాను. ఎంత హాయిగా పడుకున్నాడో! పాపం, మాకోసం పొద్దున్నే లేచి ఉంటాడు."

తన తమ్ముడు పగలు నిద్రపోవడం అక్క పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వెంటనే బాట వైపు తిరిగింది. ముందు గబగబా నడిచింది, తర్వాత పరుగెత్తింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి ఆ దారంతా ఒక్క మాటా అనలేదు. రెండో మలుపు నుంచే బెంచీ కనిపించింది. తల ఒక పక్కకు వాలి ఉంది, చేతులు ఒళ్ళో ఉన్నాయి. దగ్గరికెళ్ళి చెంప ముట్టుకుని, అతని పక్కనే కూలబడింది. ఆ నెల రోజుల రొప్పులన్నీ అప్పుడు నిజంగా వచ్చాయి ఆమెకు.

బెంచీ మీద, అతనికి అటుపక్కన, లేచాక తింటాడని పెద్దావిడ పెట్టి వెళ్ళిన బిస్కెట్ పొట్లం ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఆవిడ ఒక చిన్న గులకరాయి కూడా పెట్టింది.