నాలుగు వేళ్ల సందు

ఆ పొద్దున ఆకాశం సముద్రం వైపు నల్లగా, ఊరి వైపు తెల్లగా ఉంది. కురవాలో వద్దో తేల్చుకోలేని ఆకాశం. ఉప్పుమళ్ల వాళ్లకు అలాంటి ఆకాశమంటే భయం. నాకు మాత్రం మీరావలి సైకిలు షాపు రేకుల చిల్లిలోంచి అరచేయంత ముక్కే కనపడేది. అది నల్లగా ఉంటే ఒంటి మీద చుక్క పడుతుంది, తెల్లగా ఉంటే పడదు. అంతవరకే నా జ్యోతిషం.

నేను ఒక సైకిలు ఫ్రేమును. సైకిలునని చెప్పుకోవచ్చు గానీ చెప్పుకోను. సీటు నాది కాదు, మూడుసార్లు మారింది. చక్రాలు నావి కావు. గంట ఎప్పుడో ఎవరో ఊడదీసుకుపోయారు. నావల్లా నాలుగైదు ఉక్కు గొట్టాలు, వాటిని కలిపిన ఇత్తడి అతుకులు, సీటు కింద గుద్దిన ఇరవైనాలుగు అనే అంకె. ఆ అంకె అంగుళాల్లో నా ఎత్తు. మనుషులకు తమ ఎత్తు ఎంతో పెరిగాక గానీ తెలియదు. నాకు పుట్టిన రోజే గుద్ది పంపారు.

ఉత్తరాదిన ఏదో ఊళ్లో పుట్టాను. ఒకాయన గొట్టాలు అతికేవాడు. పక్కన ఇంకొకాయన ఒక కన్ను మూసి, వంకర పోయాయేమో చూసేవాడు. నా వంతు వచ్చేసరికి ఆయనకు దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే నన్ను మంచివాటిలో పెట్టాడు. అలా నేను తిన్ననిదాన్నని తేలింది. మనుషులు తేల్చే సంగతులు చాలావరకు ఇలాగే తేలతాయని తర్వాత అర్థమైంది.

నల్లరంగు పూసి, బంగారు గీత గీసి, కాగితం చుట్టి రైలెక్కించారు. ఒంగోలు దాటి సముద్రం ఒడ్డు ఊరికి వచ్చి పడ్డాను. మొదట కొన్నది ఆదిశేషయ్య, పొగాకు కాల్చే బ్యారన్ల మీద మేస్త్రి. ఆరడుగుల మనిషి. మేమిద్దరం ఒకే అచ్చులో పోసినట్టు సరిపోయాం. పద్నాలుగేళ్లు తొక్కాడు. ఆ పద్నాలుగేళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. సరిపోయిన చోట కథ పుట్టదు.

ఆయన మోకాళ్లు పట్టేశాక నన్ను మీరావలికి ఇచ్చేశాడు. మీరావలి అప్పటికి కుర్రవాడు, తండ్రి పోయి షాపు కొత్తగా చేతికి వచ్చింది. తండ్రి నేర్పిన కొలత ఒకటి ఉండేది. వచ్చిన మనిషిని రాడ్డుకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడమనేవాడు. మడమలు నేలకు ఆనాలి. అప్పుడు రాడ్డుకూ మనిషికీ మధ్య సందులో వేళ్లు అడ్డంగా పెట్టి చూసేవాడు. నాలుగు వేళ్లు పడితే బండి ఆ మనిషిది. రెండే పడితే ఆలోచించాలి. అసలు పట్టకపోతే పక్క బండి చూపించాలి.

పాలకేంద్రం గుమాస్తా చెంచయ్య వచ్చాడు. పొట్టి మనిషి.

"ఇరవైరెండు తీసుకో చెంచయ్యా. నీకు అతికినట్టుంటది," అన్నాడు మీరావలి.

"అది ఆడోళ్ల సైజు గదా. రేపు పాలకేంద్రం కాడ అందరి బండ్ల పక్కన నా బండి పెడితే ఏం బాగుంటది."

"చూడాల్సింది బండి పక్కన బండిని కాదు గదా, బండి మీద మనిషిని."

"మడమలు ఆన్నయ్యి, చూడు."

మడమలు ఆనలేదు. మీరావలి వంగి చూశాడు. వేలు పెట్టబోయి తీసేశాడు. "పర్లేదులే, రెండు వేళ్లు పట్టేటట్టుంది," అన్నాడు. రెండు వెంట్రుకలు కూడా పట్టవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు.

చెంచయ్య నన్ను పదకొండేళ్లు తొక్కాడు. తొక్కడం కంటే ఎక్కడం, దిగడమే ఆయనకు పెద్ద పని. ఎక్కడానికి ఒక రాయి కావాలి, దిగడానికి ఇంకో రాయి కావాలి. ఊళ్లో ఏ అరుగు ఎంత ఎత్తో, ఏ రోడ్డు మీద ఏ మైలురాయి ఎటు ఒరిగిందో ఆయనకు తెలిసినట్టు ఆ రాళ్లు పాతినవాళ్లకు కూడా తెలియదు. దారిలో ఎవరైనా పిలిస్తే రాయి వచ్చేదాకా ఆగేవాడు కాదు. పాలకేంద్రంలో పని దొరికాక చెంచయ్యకు గర్వం వచ్చిందని జనం అనుకున్నారు.

ఊరికీ పాలకేంద్రానికీ మధ్య ఒక కల్వర్టు ఉంది. దాని దిగుడులో ఒక మైలురాయి ఉండేది. పదకొండేళ్లుగా ఆయన కాలు పెట్టి దిగేది దాని మీదే. రోడ్డు వెడల్పు చేస్తూ ఒకరోజు దాన్ని పెరికేశారు. చెంచయ్య చూడకుండా అలవాటు మీద కాలు చాపాడు. ఇద్దరం గుంటలో పడ్డాం. నాకు కాస్త రంగు లేచింది. ఆయన కుడి మోచేయి మళ్లీ తిన్నగా చాపడానికి రాలేదు.

నన్ను తిరిగి షాపుకు తెచ్చినప్పుడు ఆయన పల్లెత్తు మాట అనలేదు.

"బండి మంచిదే మీరావలీ. నాకే రాయి దొరకలా," అన్నాడు.

తిట్టి ఉంటే మీరావలి ఆ సాయంత్రానికి మరిచిపోయేవాడు. తిట్టలేదు కాబట్టి నన్ను గోడకు ఎత్తుగా ఒక కొక్కేనికి తగిలించి, రోజూ చూస్తూ కూర్చున్నాడు. అప్పటినుంచి ఎంతటివాడు వచ్చినా నాలుగు వేళ్ల దగ్గర వేలు తగ్గించలేదు.

గోడ మీద తొమ్మిదేళ్లు వేలాడాను. నన్ను దించి చూసినవాళ్లు ఉన్నారు. ఒకాయన సీటు ముక్కుకు మోచేయి ఆనించి, చేయి చాపి, వేళ్లు హ్యాండిలుకు తగిలాయి కాబట్టి సరిపోయిందన్నాడు. చేతులు పొడుగు, కాళ్లు పొట్టి. ఇంకొకాయన పెళ్లాన్ని తెచ్చి క్యారియర్ మీద కూర్చోబెట్టి, "నీకు బాగుందా?" అని అడిగాడు. తొక్కేది తనేనన్న సంగతి ఆయనకు గుర్తురాలేదు. ఒకాయన బంగారు గీత ఎన్నిచోట్ల చెరిగిందో లెక్కపెట్టి వెళ్లిపోయాడు. అందరి దగ్గరా మీరావలి వేళ్లు పెట్టాడు. ఎవరికీ నాలుగు పట్టలేదు. ఆదిశేషయ్య లాంటి మనుషులు ఆ ఊళ్లో మళ్లీ పుట్టలేదు, పుట్టినవాళ్లు మోటారు బండ్లు ఎక్కారు.

ఆ నల్లా తెల్లా ఆకాశం పొద్దున నాంచారమ్మ వచ్చింది.

నాంచారమ్మ ఉప్పు అమ్ముతుంది. ఉప్పుమళ్ల నుంచి గంపకెత్తుకుని మూడు ఊళ్లు తిరుగుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎత్తులో చెంచయ్య కంటే బెత్తెడు తక్కువే. రెండు నెలలుగా గంప ఎత్తడం లేదు. ఆమె గడపలో నిలబడి తల ఎత్తకుండా, కళ్లు మాత్రం పైకి ఎత్తి నన్ను చూసింది.

"బాబాయ్, ఆ పైదాన్ని దించు."

"ఎవురికమ్మా?"

"నాకే."

మీరావలి నవ్వాడు. "నీకెట్టా వచ్చిద్ది నాంచారమ్మా. రాడ్డు లేని బండి ఉంది, ఆడోళ్లది. అది చూపిస్తా."

"రాడ్డు లేంది నాకెందుకు. నాకు రాడ్డే కావాల."

పొద్దున్నే ఇదేం గొడవన్నట్టు మీరావలి స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"డాక్టరు మెడకి ఫోటో తీశాడు బాబాయ్. పూసలు అరిగినయ్యంట. ఇంకో ఏడాది నెత్తిన మోస్తే చేతులు పడిపోతయ్యంట. ఇప్పటికే ఈ చేతిలో రెండు వేళ్లకి స్పర్శ లేదు. ఉప్పు తడిదో పొడిదో ఎడం చేత్తో చూసుకుంటన్నా."

"మరి మానెయ్ తల్లీ."

"మానేసి ఏం చెయ్యను. పొలమా పుట్రా. నాకు తెలిసింది మూడూళ్లూ ఉప్పూ. ఇంకొకళ్లు ఆ ఊళ్లకి అలవాటు పడ్డారంటే ఇంక నన్నెవురు పిలుస్తారు."

ఒకసారి తన ఆడపడుచు చిన్న సైకిలు అడిగి తెచ్చుకున్నానని చెప్పింది. రెండు సంచులు కలిపి కుట్టి, వెనకటి గాడిదల మీద వేసే కంట్లం లాగా రాడ్డుకు అటొకటి ఇటొకటి వేలాడేసిందట. రాడ్డు తక్కువ ఎత్తులో ఉండేసరికి సంచులు నేలకు రాసుకుని ఒకదానికి చిల్లి పడిందట.

"అయితేనేం, తిరిగొచ్చేటప్పుడు దారి తప్పలా. ఉప్పు గీత చూసుకుంటా ఇంటికొచ్చా," అంది. ఆమె నవ్వలేదు.

"సరే. ఎక్కు చూద్దాం. నాలుగు వేళ్లు పడితే తీసకపో," అన్నాడు మీరావలి.

"ఎక్కేది ఎవురు. నేను పక్కన నడుస్తా, ఇది నా పక్కన నడిచిద్ది. సీటు తీసెయ్. పెడళ్లు తీసెయ్, కాళ్లకి కొట్టుకుంటయ్యి. చైను కూడా వద్దు, కోక పట్టుకుంటది."

"ఇంక మిగిలేదేంది?"

"ఎముకలు. నాకు కావాల్సింది అయ్యే."

ముప్ఫై ఏళ్లకు పైగా నన్ను చూసినవాళ్లలో సీటు చూసినవాళ్లు ఉన్నారు, గంట మోగించినవాళ్లు ఉన్నారు. నన్నే అడిగింది ఈమె ఒక్కతే. తెలివి తక్కువది కాదు గదా అని కాసేపు అనుమానపడ్డాను.

మీరావలి ముఖం బిగిసింది. "నా వల్ల కాదమ్మా. ఒకసారి కొలత తప్పి దీన్ని అమ్మా. చెంచయ్య చెయ్యి నువ్వూ చూశావు గదా. మళ్లీ ఆ పని చెయ్యను."

"చెంచయ్య బాబాయి దీని మీంచి పడ్డాడు. నేను దీని మీదకే పోను గదా."

మీరావలి గుడ్డముక్క తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలూ తుడుచుకున్నాడు. తర్వాత లేచి నన్ను దించాడు.

సీటు తీశాడు, పెడళ్లు వాటి కాళ్లతో సహా తీశాడు, చైను తీశాడు. ఒక్కొక్కటీ తీసినప్పుడల్లా ఆయనకు ఏదో నొప్పిగా ఉన్నట్టు మూలిగాడు. నాకు హాయిగానే ఉంది. నాంచారమ్మ బయట అరుగు మీద పెట్టిన జంట సంచులు తెచ్చింది. ఉప్పుతో నింపే తెచ్చింది, నాకు తప్పదని ముందే తేల్చుకున్నట్టుంది. ఇద్దరూ చెరో పక్కా పట్టి నా మీద వేశారు. చెంచయ్య కంటే బరువే. కానీ ఈ బరువు రాళ్లు వెతకదు.

మీరావలి గొంతుక్కూర్చున్నాడు. సంచి అడుగుకూ నేలకూ మధ్య అలవాటుగా నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టాడు. ఇంకా సందు ఉంది. అప్పుడు మణికట్టు నేలకు ఆనించి అరచేయి నిలువుగా నిలబెట్టాడు. వేళ్ల కొసలు సంచి అడుగుకు సరిగ్గా తగిలాయి. కాసేపు అలాగే ఉంచాడు.

నాంచారమ్మ అదేమీ చూడలేదు. ఆమె కొలత వేరు. హ్యాండిలు పట్టుకుని, రాడ్డుకు నడుము ఆనించి, వీధి చివరిదాకా నడిచి తిరిగి వచ్చింది.

"మెడ వంచకపోయినా దారి కనపడతంది బాబాయ్," అంది.

మీరావలి పాత ట్యూబు ముక్కలు కోసి నా రాడ్డుకు చుట్టాడు, సంచి ఒరుసుకోకుండా. తర్వాత షాపు తలుపు దగ్గరికి వేశాడు.

"యాడికి?" అంది నాంచారమ్మ.

"మొదటి ఊరి దాకా వస్తా. బ్రేకులు చూడాల."

బ్రేకులు అప్పటికి రెండుసార్లు చూశాడు. కల్వర్టు దిగుడు వచ్చేసరికి ఆయన వెనక నుంచి క్యారియర్ గట్టిగా పట్టుకున్నాడు. బరువు ముందుకు లాగింది. నాంచారమ్మ మడమలు నేలలో నాటుకుంటూ, బ్రేకు నొక్కుతూ, దించుకుంటూ పోయింది. మైలురాయి ఉన్న చోట ఇప్పుడు గడ్డి మొలిచి ఉంది. దాన్ని దాటాక వెనక చేయి లేదు. ఎప్పుడు వదిలాడో నాకు తెలియలేదు.

మొదటి ఊళ్లో ఆడవాళ్లు చేటలు తీసుకుని వచ్చారు.

"ఏంది నాంచారమ్మా, బండి కొన్నావు, సీటేది?" అంది ఒకావిడ.

"సీటు ఉంటే మా ఆయన ఎక్కుతాడక్కా," అంది నాంచారమ్మ, కొలిచి పోస్తూ.

చివరి ఇల్లు చెంచయ్యది. పాలకేంద్రం పని మానేశాక అక్కడే ఉంటున్నాడు, ఒంటరిగా. నన్ను గుర్తుపట్టాడు. వంగిన చేత్తో రాడ్డు తడిమి, సీటు ఉండాల్సిన చోట ఖాళీ గొట్టంలోకి తొంగి చూశాడు. మీరావలి ఆయన ముఖం చూడలేక చక్రం చూస్తున్నాడు.

"సీటు తీసేశారా. ఆ ఆలోచన అప్పుడే వచ్చుంటే నాక్కూడా సరిపోయేది గదయ్యా," అన్నాడు చెంచయ్య.

మీరావలి తల ఎత్తాడు. మొదట చెంచయ్య నవ్వాడు. తర్వాత మీరావలి నవ్వాడో, దగ్గాడో నాకు తెలియదు. ఏదైతేనేం, తొమ్మిదేళ్ల తర్వాత బయటికి వచ్చింది.

"పొద్దెక్కింది, అన్నం తినిపోండి. పప్పులో ఉప్పు మాత్రం లేదు. రెండు నెల్లయ్యింది ఈ పిల్ల ఇటు రాక. కొట్లో పొడి ఉప్పు నాకు సయించదు," అన్నాడు చెంచయ్య.

నన్ను అరుగుకు ఆనించారు. చెంచయ్య మూడు కంచాల్లో అన్నం, పప్పు పెట్టాడు. మీరావలి లేచి వచ్చి సంచి మూతి విప్పి, గుప్పెడు కల్లుప్పు తీసుకుని, మూడు కంచాల పక్కనా కాస్త కాస్త పెట్టాడు. నాంచారమ్మ తన ఉప్పును ఎడం చేతి వేళ్లతో నలిపి చూసి, పొడిగా ఉందని తల ఊపుకుంది. చెంచయ్య చేయి తిన్నగా చాపడానికి రాదు గానీ నోటిదాకా మాత్రం బాగానే వెళుతోంది.

పైన ఆకాశం ఇంకా తేల్చుకోలేదు. గాలిలో చెమ్మ ఉంది. సంచి అడుగున చేరిన ఉప్పునీటి చుక్క ఒకటి గాలికి ఊగి వచ్చి, ట్యూబు చుట్టని కింది గొట్టం మీద, కల్వర్టు దగ్గర రంగు లేచిన చోట ఆగింది. మనుషులకు సరిపోతానో లేదో ఇందరు కొలిచారు. ఉక్కుకు ఉప్పు సరిపడుతుందో లేదో ఎవరూ కొలవలేదు. మీరావలికి తెలిసే ఉంటుంది. నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇంకో పదేళ్లు, మహా అయితే పన్నెండు. ఆమె మెడకు ఆ మాత్రం చాలు.

అరుగు మీద ముగ్గురూ మాట్లాడకుండా తింటున్నారు. అరుగు కింద ఉప్పు నన్ను తింటోంది, అదీ మాట్లాడకుండానే.