విప్పితే నా ముందరే

బతకడానికి వచ్చిన ఊళ్లో, ఉధ్నా బజారులో మూడో దుకాణం మెట్లు దిగేసరికి జమున చేతులు లాగేస్తున్నాయి. పాత చీరలో మూటగట్టిన కంప్యూటర్ డబ్బాను పొద్దుటి నుంచి భర్త కమలాకర్, ఆమె మార్చిమార్చి మోస్తున్నారు. మొదటి దుకాణంలో మూత కూడా విప్పకుండా కొత్తది కొనుక్కోమన్నారు. రెండోచోట లోపలున్నదంతా చెరిపేసి ఇస్తామన్నారు. మూడో అతను వదిలేసి వెళ్లమన్నాడు కానీ ఏం చేస్తాడో చెప్పలేదు.

అందులో ఉన్నవి జమున గీసిన దీపావళి చీరల డిజైన్లు. వేరేచోట దాచుకోలేదు. సాయంత్రానికల్లా ఇవ్వకపోతే, చీరలు వేయించే సేటు ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పవర్‌లూముల మోతకు చెవులు దెబ్బతిన్న కమలాకర్‌ను వానాకాలంలోనే కార్ఖానా నుంచి తీసేశారు. అప్పటి నుంచి గోడాదరా బస్తీలోని వాళ్ల ఒంటిగది అద్దె, పిల్లల తిండి, అన్నీ జమున గీసే అంచుల మీదే నడుస్తున్నాయి.

కంప్యూటర్లు బాగుచేసే పెద్ద దుకాణం ఒకటి సేటు మనిషిది ఉంది. ఎండాకాలంలో కంప్యూటర్ ఆగిపోతే అక్కడే ఇచ్చింది. బాగానే చేసిచ్చారు. కొన్నాళ్లకు బస్సులో ఎదురుగా కూర్చున్న ఒకామె చీర మీద, తాను ఇంకా ఎవరికీ చూపించని గునుగుపూల అంచు కనిపించింది. అడిగితే, పూలు ఎవరైనా గీస్తారని సేటు నవ్వాడు. పని పోతుందన్న భయంతో జమున ఆ రోజు నోరు మూసుకుంది.

ఇంటిదారిలో పరుశురాం అనే అతని రిపేరు కొట్టు ఉంది. ఇద్దరు నిలబడితే నిండిపోయే ఆ కొట్టును ఇన్నాళ్లూ ఆమె లెక్కచేయలేదు. అతను వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ల కళ్లముందే మూత విప్పి చాలాసేపు చూశాడు.

“అక్కా, అబద్ధం జెప్ప. తక్కినయన్ని మంచిగనే ఉన్నయి, డిస్కు ఖరాబైంది. జర జర కాపీ జేస్కుంట పోవాలె. నడుమల ఆగిందంటే ఇగ నాతోని గాదు.”

“పెద్ద దుకాణపోళ్లతోని అయితదా?” అడిగింది జమున.

పరుశురాం తలవంచుకున్నాడు. “అయితది. వాళ్లకాడ మంచి మిషిన్లున్నయి.”

అప్పుడే సేటు ఫోను వచ్చింది. డబ్బాను తన మనిషి దుకాణంలో పెట్టి ఇంటికి వెళ్లమన్నాడు. డిజైన్లు వాళ్లే తీసి నేరుగా తనకు పంపుతారట, ఖర్చు కూడా తనదేనట. జమున ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆ మాటలన్నీ భర్త చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

“ఇచ్చేద్దాం,” అన్నాడు కమలాకర్. “పిల్లలేం తింటరు?”

“మల్ల ఎత్కపోతరు.”

“పోనీ. పనన్న ఉంటది.”

ఆ మాట అన్నందుకు అతని మీద ఆమెకు కోపం రాలేదు. మగ్గం ముందు తలెత్తి నిలబడిన మనిషి నోట అలాంటి మాట వచ్చినందుకు మాత్రం మనసు నొచ్చుకుంది. రేపటి బియ్యం గుర్తొచ్చింది. చెయ్యి తీసి ఫోను చెవికి ఆనించుకుంది.

“నహీ సేట్,” అంది. తాను లేనిచోట ఆ డబ్బా తెరుచుకోదని, తనకు వచ్చిన హిందీలో తడబడుతూనే చెప్పింది. అయితే ఇక పనికి రావద్దని సేటు ఫోను పెట్టేశాడు.

కమలాకర్‌కు ఆ మాటలు వినబడలేదు. భార్య ముఖం చూసి అర్థం చేసుకుని, మెల్లగా గోడకు చేరగిలబడ్డాడు.

“షురూ జెయ్యాల్నా అక్కా?” అడిగాడు పరుశురాం.

“జెయ్యి తమ్ముడా. ఈ సేటు గాకుంటె ఇంకో సేటు కొంటడు. ఈడనే కూసుంట.”

తెర మీద, ఎంత కాపీ అయిందో చూపే ఆకుపచ్చ గీత నెమ్మదిగా కదిలింది. సగానికి రాకముందే డిస్కు లోపల టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది. పరుశురాం చేతులు వెనక్కి తీసుకున్నాడు. గీత ఆగిపోయింది. కాసేపటికి ఒక వెంట్రుకంత ముందుకు జరిగి, మళ్లీ ఆగింది. జమున రెప్ప వాల్చకుండా దాన్నే చూస్తోంది.