బుధవారం ఒక్కపొద్దు

నేను ఉండే ఒక్కపొద్దులు దేవుడికి చేరుతున్నాయా అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే దేవుడి కంటే ముందు మా అత్త లక్ష్మవ్వ జవాబు చెబుతుంది.

మొదట సోమవారం ఒక్కటే, రాజన్న దేవుడికి. అది మా అమ్మ ఇంట్లోనూ ఉండేది. పొద్దంతా ఉపవాసం, రాత్రి దీపం పెట్టాక కడుపునిండా భోజనం. పెళ్లయ్యాక, దుబాయిలో ఉన్న మా ఆయన గంగాప్రసాద్ ఒకసారి వీడియో కాల్‌లో, పక్కన రూము దోస్తులు ఉండగానే, "ఫోను జర దూరం వెట్టు సుధా, తెరల వట్టుతలేవ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వారమే కొండగట్టు అంజన్న పేరు మీద మంగళవారం మొదలైంది. తర్వాత గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న. రాత్రి భోజనం కాస్తా రెండు రొట్టెలైంది, ఆ తర్వాత ఒకటి.

తింటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. తినకపోతే మాత్రం, "మా కోడలు మస్తు నిష్ఠ గల్లది" అని అత్త వాడకట్టంతా చెప్పుకుంటుంది. పొద్దున్నే లేచి అందరికీ వండి, గిన్నెలు తోమి, కోనరావుపేట నుంచి ఆటోలో సిరిసిల్ల వచ్చేదాకా ఆ ఒక్క మాటతోనే కడుపు నింపుకునేదాన్ని.

సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో నాది చెకింగ్ పని. కాలరు నూలుపోగంత వంకర ఉన్నా విప్పించి మళ్లీ కుట్టిస్తాను. "సుధ చెయ్యి వడ్డ మాలు వాపసు రాదు" అంటాడు సూపర్‌వైజర్ దేవదాస్. మెడలో వేసుకున్న కొలత టేపు నాతో ఇంటికి కూడా వస్తుంది. స్నానానికి వెళ్లినప్పుడు దాన్ని నడుముకు చుట్టుకుంటాను. తగ్గిన రోజు దేవుడు చల్లగా చూశాడనుకుంటాను. తగ్గని రోజు ఆ రొట్టె కూడా కుక్కకు వేస్తాను. జుట్టు దువ్వెనకు ఊడొస్తోంది. నెలసరి తప్పి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. చెప్పుకుందామంటే ఎవరున్నారు? ఫోనులో ఆయన, "గిప్పుడు మంచిగున్నవ్" అంటాడు.

కంపెనీలో నా పక్కన కూర్చుని ఎల్లవ్వ గుండీలు కుడుతుంది. నేను పనిలో చేరిన రోజు డబ్బా మరిచిపోతే, తన అన్నంలో సగం డబ్బా మూతలో పెట్టి ఇచ్చింది. "ఒక్కదాన్నే తినుడు నాకు శాతగాదు. ఇగ నువ్వు నాకు బాకి. రోజు నాతోని గూసొని తినాలె" అంది. ఆ ఒక్క రోజే తిన్నాను. తర్వాత అన్నీ ఒక్కపొద్దులే, బుధవారమైతే ఏదో ఒక సాకు. బాకీ తీర్చడానికి కూరలు తెచ్చాను, సకినాలు తెచ్చాను. "తెచ్చుడు గాదే పిల్లా, తినుడు బాకి" అంటుంది ప్రతిసారీ.

మొన్న బుధవారం అందరూ డబ్బాలు విప్పారు. నేను చొక్కాలు మడుస్తూ కూర్చున్నాను.

"తినవా?" అంది ఎల్లవ్వ.

"ఒక్కపొద్దు అక్కా."

"బుధారం గూడనా? ఇయ్యాల ఏ దేవునికి?"

"గణపతికి."

"గాయన ఉండ్రాళ్లు మెక్కే దేవుడాయె! బొజ్జ దేవునికి బొక్కలు దేలిన ఒళ్లు సూపెడ్తవానే?"

చుట్టూ ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గణపతి పేరు అప్పటికప్పుడు నోటికొచ్చింది. పొద్దున ఆయనకు దీపం పెట్టలేదు, కనీసం తలుచుకోలేదు. టేపు తగ్గలేదు, అంతే. అందరి కుట్లలో తప్పులు పట్టే నా కన్ను దీని మీద ఇన్నేళ్లూ ఎందుకు పడలేదో. అబద్ధం ఆడాను, అదీ దేవుడి పేరు మీద. సోమవారం నిజమే కావచ్చు. మరి మిగతావి?

"గణపతికి గాదక్కా" అన్నాను మెల్లగా. "ఎవ్వలకు గాదు."

ఎల్లవ్వ నవ్వు ఆపింది. డబ్బా మూత తిరగేసి, అందులో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి నా ముందుకు జరిపింది.

మెడలో టేపు తీసి చొక్కాల మీద పెట్టాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఏడుపొచ్చింది. నీళ్లు తాగి రెండోది కలిపాను. దేవుణ్ణి తలుచుకున్నాను; కోపంగా ఉన్నట్టు అనిపించలేదు. ఎల్లవ్వ నా వైపు చూడకుండా తన అన్నం తింటూ పక్కనే కూర్చుంది.

చివరి మెతుకు దాకా తిని, మూత కడిగి ఆమె చేతిలో పెట్టాను.

"ఇయ్యాల్టి బాకి తీరింది పో" అంది.