డేగక్క చూడనిది

గాజు ఫ్యాక్టరీలో వెలుగు పలక ముందు మందుసీసాలు వరసగా సాగిపోతున్నాయి. మెడ దగ్గర వెంట్రుకవాసి పగులున్నా, అడుగున ఇసుక రేణువంత బుడగ ఉన్నా డేగక్క చేయి చటుక్కున వెళ్ళి ఆ సీసాను పక్కకు తీసేస్తుంది. పెళ్ళయిన కొత్తలో చేరిన పని ఇది. ఇప్పుడు చెంపల దగ్గర జుట్టు నెరిసింది, కళ్ళ కింద చర్మం సంచుల్లా వేలాడుతోంది, చూపు మాత్రం తగ్గలేదు. తోటి ఆడవాళ్ళు పెట్టిన పేరే నిలిచిపోయింది. అసలు పేరు హాజరు పిలిచే గుమాస్తాకు కూడా గుర్తులేదు.

ఆ రోజు మాత్రం ఆమె కళ్ళ ముందు సీసాలు లేవు. మొగుడి మూతి ఉంది.

"సాయంత్రం మా అక్క ఇంటికి వెళ్దామన్నాను కదా?" అని పొద్దున అడిగితే, ఆయన గోడకు ఆనుకుని, "నువ్వెళ్ళిరావే. నాకు ఓపిక లేదు," అన్నాడు. అంటున్నప్పుడు పెదవి ఓ పక్కకు వంకర తిరిగింది. అది చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"మావాళ్ళంటే మీకెప్పుడూ ఇంతే. మీ తమ్ముడు పిలిస్తే మాత్రం చెప్పులైనా వేసుకోకుండా పరిగెడతారు!"

"ఇప్పుడొద్దులేవే..."

"ఎప్పుడూ ఇప్పుడొద్దే!" తలుపు ధడాలున వేసి వచ్చేసింది.

అప్పటినుంచీ అదే నెమరేస్తోంది. అనకుండా మిగిలిపోయిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. పక్కనున్న లావుపాటావిడ మోచేత్తో పొడిచింది.

"డేగక్కా, మూతి విరిగిన సీసాని పోనిచ్చావు! మనసెక్కడుంది?"

"మా ఆయన మూతి మీద."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో కోపం కాస్త దిగింది. తేరుకున్న నీళ్ళలో అడుగు కనబడ్డట్టు పొద్దుటి గది మళ్ళీ కనబడింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, అయినా ఆయన నుదుటి నిండా చెమట. కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఇవన్నీ అప్పుడూ ఆమె ఎదుటే ఉన్నాయి. కోపం ఆ వంకర మూతినొక్కదాన్నే ఏరి చేతికిచ్చింది. తక్కినవన్నీ పోనిచ్చింది.

ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆమె లేచి నిలబడింది.

"ఎక్కడికి? నీకోసం లైను ఆపమంటావా?" అన్నాడు సూపర్‌వైజర్.

"పోనీ, అన్నీ పోనీ!" అంటూ పరిగెత్తింది.

ఇంట్లో ఆయన కుర్చీలో పక్కకు ఒరిగి ఉన్నాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద సబ్బు నురగ ఎండి పొలుసు కట్టింది. ఆమె కేక విని వచ్చిన పక్కింటి పెద్దాయన చేయి పట్టుకుని చూసి, మెల్లగా ఆయన ఒళ్ళోనే పెట్టేశాడు.

"ఎప్పుడో అయిపోయిందమ్మా."

మంచం మీద, బయటికి వెళ్ళేటప్పుడు వేసుకునే తెల్లచొక్కా మడత విప్పి పరిచి ఉంది.

జనం వచ్చారు. అక్క వచ్చి కావలించుకుని ఏడ్చింది. ఎవరు వచ్చారో, ఏమన్నారో ఆమెకు తెలియలేదు. అద్దం కింది అరలో గడ్డం గీసుకునే బ్రష్షు నిలబెట్టి ఉంది. నురగ ఎండి, దాని కుచ్చు బిగుసుకుపోయింది.