తేమ రకం

మా పెళ్ళయి ఇరవై నాలుగు రోజులు. పెళ్ళి రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు గాని, మా ఇద్దరి నలికిరులకూ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఎప్పుడో అయిపోయింది. ఆ కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉన్నాయి.

నలికిరి అంటే తెలుసు కదా. పొలం గట్ల మీద, ఒంటికి నూనె రాసుకున్నట్టు మెరుస్తూ, పామునా బల్లినా అన్నది తేల్చుకోలేనట్టు పాక్కుంటూ పోతుంది. మావి దాని విదేశీ బంధువులు. మూరెడు పొడవు, లేత సొరకాయంత నడుము, ఆ ఒంటికి ఏమాత్రం సరిపోని బుల్లి కాళ్ళు. భయం వేస్తే నోరు తెరిచి నాలుక చాపుతాయి. ఆ నాలుక సిరా తాగినట్టు నీలంగా ఉంటుంది. అందుకే నీలినాలుక నలికిరులు.

పెళ్ళిచూపుల్లో త్రినాథ్ "మీ హాబీలేంటండీ?" అని అడిగాడు. దాచడం ఎందుకని ఫోన్లో నా నలికిరి దాల్చిని ఫోటో చూపించాను. సంబంధం అక్కడితో తప్పిపోతుందనుకున్నాను. అతను ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, "హల్మహెరా కదండీ?" అన్నాడు. ఆ రకం పేరు మా ఇంట్లోవాళ్ళకే నోరు తిరగదు. తర్వాత తన ఫోన్ తీసి, ఇంజనీరింగ్ రెండో ఏడు నుంచీ తను పెంచుతున్న మేస్త్రిని చూపించాడు. "నార్తర్న్," అన్నాడు. ఆ ఒక్క మాటలో, "మాది తెనాలండీ" అనేటప్పటి మా పెదనాన్న ధీమా ఉంది. గమనించాను. అయినా ఒప్పేసుకున్నాను.

ఈ ధీమాకి ఒక కారణముంది. నలికిరులు పెంచేవాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అక్కడ ఆస్ట్రేలియా రకాలు పై మెట్టు, ఇండోనేషియా దీవుల రకాలు కింది మెట్టు. నార్తర్న్ అంటే పెద్ద ఒళ్ళు, పక్కల నారింజ చారలు, ఎవరు ఎత్తుకున్నా పలకని శాంతం, పొడిగాలిలో హాయిగా బతికే గుణం. దీవులవాటిలో మెరౌకే అన్నిటికన్నా పొడవు. తనింబార్‌కి ముక్కు మీద కోపం. నా హల్మహెరాది ఎర్రమట్టి రంగు, సిగ్గు ఎక్కువ, గాలిలో తేమ లేకపోతే కష్టం. రెండు రకాలకు కలిసి పుట్టిన పిల్ల ఫోటో ఎవరైనా పెడితే చాలు, "ప్యూర్ కాదు" అంటూ గ్రూపంతా సంతాపం ప్రకటిస్తుంది. మ్యాట్రిమొనీ సైట్లలో కూడా నేను అంత కటువైన మాటలు చూడలేదు.

గుంటూరు బ్రాడీపేటలో మా అత్తవారింటికి దాల్చిని నా సారెతో పాటే వచ్చింది. సారె అన్నాక పక్కింటివాళ్ళు వచ్చి చూడాలి, మూతలు తీయాలి, వంకలు పెట్టాలి. పక్కింటి బాలసరస్వతి గారు రిటైర్డ్ టీచరు. అరిసెలు గట్టిగా ఉన్నాయని, లడ్డూలు చిన్నవని తేల్చి, గాలి కన్నాలున్న పెట్టె దగ్గరికి వచ్చి, "ఇవేవో మెత్తగా ఉండేవి, గాలి ఆడనిచ్చారు," అని మూత తీశారు. దాల్చిని నాలుక చాపింది. బాలసరస్వతి గారు తమ సర్వీసులో ఎంతోమంది పిల్లలకు నాలుకలు లోపల పెట్టించి ఉంటారు. ఆ రోజు మాత్రం మూత వేసి, లడ్డూ తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే మా అత్తయ్య శివపార్వతి గారు తీర్పు చెప్పారు.

"ఒక్కగానొక్కడని వాడి పురుగును ఏడేళ్ళు భరించా. ఇప్పుడు నువ్వూ ఒకటి తెచ్చావు. ఇంటికి ఒక పురుగు చాలమ్మా. ఏదో ఒకటి ఉంచుకోండి."

"ఏం తింటదది?" అని మళ్ళీ ఆవిడే అడిగారు.

"గుడ్డు, తోటకూర, సొరకాయ, నత్తలు. గోంగూర మాత్రం పడదండి."

"గోంగూర పడకుండా గుంటూరు కాపురానికి ఎట్లా వచ్చింది?" అన్నారు అత్తయ్య.

వదులుకోవలసినదాన్ని చీమకుర్తిలో ఉన్న త్రినాథ్ స్నేహితుడు చైతన్యకృష్ణ పట్టుకెళతానన్నాడు. అతనికి గ్రానైట్ కోసే యూనిట్ ఉంది. అక్కడ గాలి కూడా సగం రాయే. మేస్త్రి అక్కడ బతుకుతుంది. దాల్చిని బతకదు. ఆ మాటే త్రినాథ్‌తో అన్నాను.

"అంటే నా మేస్త్రిని పంపించేద్దామనా?"

"బతికేదాన్ని పంపిద్దామంటున్నా."

"అది ఫారంలో పుట్టిందే రమ్యా. నీది ఏ అడవిలోనో పట్టిన సరుకు."

"నువ్వు కూడా ఆ గ్రూపువాళ్ళలాగే మాట్లాడుతున్నావు," అన్నాను.

అది మా మొదటి దెబ్బలాట. అతన్ని 'నువ్వు' అనడం కూడా అదే మొదటిసారి. తర్వాత త్రినాథ్ బయటికి వెళ్ళి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. నా పొట్లంలో ఉల్లిపాయలు ఎక్కువ వేయించాడు. నిమ్మకాయ కూడా పిండించాడు. దెబ్బలాట ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. కానీ బజ్జీలు అయిపోయాక చూస్తే పెట్టెలు ఇంకా రెండు ఉన్నాయి, చోటు ఒక్కటే ఉంది.

విషయం మా మామయ్య పేరయ్య గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళుగా కమీషన్ ఏజెంటు. ఏ సరుకైనా మచ్చు తీసి చూస్తే గాని మాట్లాడరు. నా పెళ్ళిచూపుల్లో కూడా మా అమ్మ పెట్టిన పులిహోరను అరచేతిలో వేసుకుని, వెలుగులోకి తిప్పి చూశాకే నోట్లో వేసుకున్నారు.

"ఆదివారం పొద్దున వరండాలో రెండూ పెట్టండి. రంగు, సైజు, తేమ. యార్డులో ఎట్లానో ఇక్కడా అంతే. సైదాని కూడా పిలుస్తా. మనవాడు, పరాయివాడు అనేది ఉండదు," అన్నారు.

సైదా ఆయన దగ్గర మొదటి నుంచీ మిర్చి గ్రేడింగ్ చేసే మనిషి. కళ్ళు మూసుకుని కాయ విరిస్తే ఏ రకమో చెప్పేస్తాడని పేరు.

ఆదివారం ఆరింటికే వరండాలో రెండు గోతాలు పరిచారు. మేస్త్రి తన గోతం మీద బోర్లా పడుకుని, జీతం రాని ఉద్యోగిలా ఎటో చూస్తోంది. సైదా దాన్ని రెండు చేతులతో ఎత్తి, తిప్పి, పక్కలు చూసి, దించాడు.

"త్రీ థర్టీ ఫోర్ మిర్చి లాంటిదయ్యా. నిఖార్సయిన సరుకు. ఎండు బాగుంది."

త్రినాథ్ మీసం మీదికి చెయ్యి పోనిచ్చాడు. మీసం లేదు గాని, పోనిచ్చాడు.

నేను లోపల దాల్చిని పెట్టె దగ్గర ఉన్నాను. రోజూ ఆ వేళకు దానికి స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొడతాను. ఆ రోజు కూడా కొడుతున్నాను. వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"ఏందమ్మా అది?"

"నీళ్ళండీ మామయ్యగారూ."

"మచ్చు చూడబోయే ముందా?"

ఆయన కాఫీ గ్లాసు కిటికీలో పెట్టారు. ఆ చూపు చూశాక నాకు అర్థమైంది. మిర్చి బస్తాలను ఇక్కడ టిక్కీలంటారు. తూకానికి ముందు టిక్కీల మీద నీళ్ళు చల్లి బరువు పెంచే మోసాన్ని పట్టుకుంటూనే ఆయన జీవితం గడిచింది. ఇన్నాళ్ళకు ఆ దొంగ ఇంట్లోనే, పసుపుతాడు ఆరని కోడలి రూపంలో దొరికింది.

"ఎన్ని గ్రాములు ఎక్కుద్దని?" అన్నారు మెల్లగా.

"బరువు కోసం కాదండీ..."

"సైదా, ఇటు రా. చూడు."

సైదా దాల్చిని పొట్ట కింద వేళ్ళు పెట్టి, వాటిని ఒకదానితో ఒకటి రాసి చూసుకున్నాడు. "తేమ ఉందయ్యా," అన్నాడు బాధగా.

"తడి సరుకు నేను రానియ్యను. చీమకుర్తి ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యరా," అన్నారు మామయ్య, త్రినాథ్ వైపు తిరిగి.

త్రినాథ్ ఫోన్ తీయలేదు. గెలిచినవాడి ముఖం అంత పాలిపోయి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. "ఆగండి నాన్నా, తను చెప్పేది వినండి," అన్నాడు.

నేను దాల్చినిని ఒళ్ళోకి తీసుకుని, దాని కుడి ముందుకాలు చూపించాను. ఒక వేలికి చివర లేదు.

"హాస్టల్లో ఉన్నప్పుడు నేను ఊరెళ్ళాను. రూమ్మేట్ నీళ్ళు కొట్టడం మర్చిపోయింది. ఇవి పాత చర్మం వదులుతాయి కదండీ, తేమ లేక ఆ చర్మం వేలికి ఉంగరంలా బిగుసుకుపోయింది. నేను వచ్చేసరికి వేలు విరిగిపోయింది. అందుకే కొడతాను. విరక్కుండా."

మామయ్య తల అడ్డంగా ఊపారు. "ఆ మాట నాతో చెప్పని రైతు లేడమ్మా. 'కాయ విరుగుద్దయ్యా, అందుకే కాసిని చల్లా' అంటారు. ముప్పై ఏళ్ళుగా వింటున్నా."

గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తున్న అత్తయ్య తల ఎత్తలేదు.

"ఏవండీ, పోయిన మాఘంలో మన సొంత చేను కళ్ళంలో కాయను టిక్కీల్లోకి తొక్కించే ముందు మీరు చల్లించింది ఏంటి, పన్నీరా?"

సైదా ఇంటి కప్పు వైపు చూడటం మొదలుపెట్టాడు. ఆ నీళ్ళు చల్లింది అతనేనని తర్వాత తెలిసింది.

"అది వేరే. బాగా ఎండిన కాయ, తొక్కితే పొడైపోద్ది. విరక్కుండా చల్లించా," అన్నారు మామయ్య.

"అమ్మాయి కూడా అదేగా చెబుతోంది."

"అది మిర్చి, శివా."

"మిర్చి అయితే మళ్ళీ కాస్తది. దీనికి వేలు మొలుస్తదా?" అని అత్తయ్య మరో గోంగూర కట్ట విప్పారు. "నాకు ఈ పురుగులంటే పడదు. అట్లాగని కోడలి మీద దొంగతనం మోపితే ఊరుకుంటానా?"

మామయ్య కాసేపు కాఫీ గ్లాసు కోసం వెతికారు. అది కిటికీలోనే ఉంది. యార్డులో సరుకు మీద గొడవొస్తే మళ్ళీ మచ్చు తీస్తారట. ఆయన అదే పని చేశారు. వంగి, దాల్చిని కాలు దగ్గరికి వేలు తెచ్చారు. ముప్పై ఏళ్ళ మిర్చి ఘాటు ఇంకిన వేలు అది. దాల్చిని ఒక్కసారి నోరు పూర్తిగా తెరిచి, బుస్సుమని, ఉన్న నాలుకంతా బయటికి చాపింది.

పేరయ్య గారి ముందు నాలుక చాపిన ప్రాణి గుంటూరు జిల్లాలో అంతవరకూ లేదు.

ఆయన ఆ నాలుకను అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూశారు. కళ్ళజోడు పైకి జరిపి ఇంకోసారి చూశారు.

"రంగు బాగుంది," అన్నారు.

సైదా కప్పు మీంచి చూపు దించి, "కలర్ ఉందయ్యా," అని వెంటనే ఒప్పుకున్నాడు.

"రెండు రకాలు ఒక గోతంలో కలపకూడదు. తేమ రకం తేమగా, ఎండు రకం ఎండుగా, వేరు వేరుగా ఉంచుకోండి. కలిపితే ఊరుకోను," అన్నారు మామయ్య, ఆ షరతు పెట్టడానికే పొద్దున్నే లేచినట్టు.

అంతే. త్రినాథ్ చైతన్యకృష్ణకు ఫోన్ చేసి, రావద్దని చెప్పాడు. తర్వాత వంటింట్లో నా పక్కన నిలబడి గుడ్డు ఉడకబెట్టి, అర్ధ భాగం మేస్త్రికి, అర్ధ భాగం దాల్చినికి, దారంతో కొలిచినట్టు కోశాడు. "అడవి సరుకు అన్నందుకు సారీ," అన్నాడు. పచ్చసొన ఎక్కువున్న ముక్క దాల్చినికే పెట్టాడు. నేను చూడనట్టు నటించాను. చాలా బాగుంది.

ఇప్పుడు దాల్చినికి నీళ్ళు కొట్టేది మామయ్యే. నా మీద నమ్మకం లేక కాదట, ఎన్నిసార్లు నొక్కాలో నాకు లెక్క తెలియదట. యార్డులో టీల దగ్గర "మా వాడిది ఎండు రకం, మా కోడలిది తేమ రకం" అని చెబుతున్నారని సైదా అంటున్నాడు. కోపంగా ఉండే తనింబార్ గురించి అడిగితే "అది తేజ" అని ఘాటు మిర్చి రకంలో తేల్చేశారట.

మొన్న భోజనాల దగ్గర నేను షింగిల్‌బ్యాక్ అనే ఇంకో రకం గురించి చెప్పాను. ఒళ్ళంతా పొలుసులు లేచి, ముడతలు ముడతలుగా ఉంటుంది. ఏటేటా వెతుక్కుంటూ మళ్ళీ అదే జోడీ దగ్గరికి వస్తుంది. ఆ మాట చెబుతూ త్రినాథ్ వైపు చూశాను. అతను అప్పటికే నన్ను చూస్తున్నాడు.

మామయ్య ముద్ద ఆపి, "ముడతల రకమంటే మన బ్యాడిగి మిర్చి లాంటిదన్నమాట," అన్నారు. కాసేపాగి, అత్తయ్య వైపు చూడకుండా, "జోడీగా దొరుకుతాయా అమ్మా?" అన్నారు.

అత్తయ్య ఆయన కంచంలో గోంగూర వేశారు.

"ఇంటికి రెండు పురుగులు చాలు," అన్నారు.