కెలెమెన్ డాక్టరుగారి కట్టుడు పళ్లు

'కెలెమెన్ ఆర్పాద్, ఎనభై రెండేళ్లు' అన్న చీటీ చదవగానే ఎటెల్కా చేతిలో మైనం కత్తి ఆగిపోయింది.

ఆ సరిహద్దు ఊరు ఓవార్‌లో ఏ వీధి చూసినా పళ్ల ఆసుపత్రులే. అవతల్నించి ఆస్ట్రియా వాళ్లొచ్చి పళ్లు కట్టించుకుని పోతుంటారు. వాటిలో ఒకదాని వెనక గదిలో ముప్పై ఏళ్లుగా కట్టుడు పళ్లు తయారుచేస్తోంది ఎటెల్కా. కుర్ర డాక్టరు జోల్ట్ ఆ ముసలాయన నోటి అచ్చు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఒక్క పన్నూ మిగల్లేదు పిన్నీ. చిగుళ్ల జబ్బు. తనూ పళ్ల డాక్టరే, ఒక్కసారైనా గార తీయించుకోలేదట! శనివారం పాత డాక్టర్ల సన్మానంలో మాట్లాడాలట, శుక్రవారానికి కావాలంటున్నాడు."

"అయిపోతుందిలే" అంది ఎటెల్కా.

ఆమెకు పదకొండేళ్లప్పుడు బడికి పళ్లు చూడ్డానికి వచ్చింది ఈ కెలెమెనే. ఆమె ముందు పళ్లు రెండింటి మధ్య చిన్న నల్ల చుక్క. గీకి సిమెంటు నింపితే సరిపోయేది. మత్తు ఇవ్వకుండా గీకేసరికి ప్రాణం పోయినట్టయి అతని వేలు కొరికింది.

"కొరుకుతావుటే? ఇంక ఎలా కొరుకుతావో చూస్తా!" అంటూ పటకారు అందుకుని రెండూ పీకేశాడు. రక్తం కారుతున్న ఆమె మొహాన్ని క్లాసు వైపు తిప్పి, "పళ్లు తోముకోని బద్దకస్తుల గతి ఇదీ, చూడండి" అన్నాడు.

ఎటెల్కా రోజూ తోముకునే పిల్లే. అయినా బడి వదిలేదాకా ఆమె పేరు 'ముసల్ది'. పెళ్లి ఫోటోలో కూడా ఆమె నోరు మూసుకునే ఉంది.

కట్టుడు పళ్లు చక్కగా అమిరేలా చేసింది. కానీ ముందు పళ్ల వెనక సన్నగా ఒక గాడి చెక్కి, వేడి తగిలితే కరిగిపోయేలా పైన మైనం పూసింది. శనివారం టిక్కెట్టు కొనుక్కుని హాల్లో వెనక వరసలో కూర్చుంది. కెలెమెన్ మైకు ముందు నిలబడి "సోదరులారా, సుదీర్ఘమైన నా సేవలో..." అన్నాడు. ప్రతి 'స'కీ కెటిల్ కూసినట్టు ఈల. మొదట దగ్గులు, తరవాత పకపకలు. వడ్డించే మనిషి తననే పిలుస్తున్నారనుకుని పరుగెత్తుకొచ్చాడు. కెలెమెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సగంలోనే కూర్చుండిపోయాడు. ఎటెల్కా అక్రోటుల కేకు రెండో ముక్క కూడా వేయించుకుంది.

సోమవారం ఆయన సరాసరి వెనక గదిలోకే వచ్చాడు.

"ఏమ్మా, ఇది నీ చేతి పనేనా?"

"నాదే. కావాలనే చేశాను." ఆమె తన నోట్లోంచి రెండు పళ్ల పలక తీసి బల్లమీద పెట్టింది. "వీటి చోట ఉన్న నా సొంత పళ్లు పీకింది మీరే. వేలు కొరికిన పిల్లని. గుర్తుందా?"

ఆయన వంగి ఆ సందు చూశాడు. "ఎంతమందికో పీకాను. గుర్తులేదమ్మా."

ఎటెల్కా పలక తీసి మళ్లీ పెట్టుకుంది. తను ఇన్నేళ్లు మోసింది ఈయనకి లెక్కలోనే లేదు.

"గురువారం బడిలో పిల్లలకి పళ్లు తోమడం చెబుతాను. మీరొచ్చి నోరు తెరవాలి. అప్పుడే బాగుచేస్తా."

"నేను డాక్టర్ని!"

"అయితే ఈలలేసుకుంటూ ఉండండి. ఈ ఊళ్లో పళ్లు చేసేవాళ్లంతా నా దగ్గర పని నేర్చినవాళ్లే."

గురువారం ఆయన వచ్చాడు. పళ్లు తీసి గ్లాసులో వేసి, బోసినోటితో మాట్లాడాడు. "పొద్దున, రాత్రి తోముకోండి. చిగుళ్లలో రక్తం కనిపిస్తే దాచకండి. నేను దాచాను." పిల్లలు "ఛీ" అన్నారు.

"ఇంకా పెద్దగా తెరవండి. వెనకవాళ్లకి కనబడలేదు" అంది ఎటెల్కా. ఆయన తెరిచాడు.

ముందు బెంచీ పిల్ల అడిగింది. "పీకినప్పుడు ఏడ్చావా తాతా?"

"లేదమ్మా. మత్తిచ్చారు. నర్సు చెయ్యి పట్టుకుంది." అని ఎటెల్కా వైపు చూసి తల దించుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే గాడి పూడ్చి నున్నగా చేసి ఇచ్చింది. ఆయన పెట్టుకుని "సరిగ్గా సరిపోయింది" అన్నాడు. ఈల లేదు. గుమ్మం దగ్గర నిలబడి, "నన్ను క్షమించినట్టేనా?" అన్నాడు.

"పళ్లు బాగుచేస్తానన్నాను. చేశాను" అంది ఎటెల్కా, తలెత్తకుండా తరవాతి అచ్చు చేతిలోకి తీసుకుంటూ.