కొన్న ధర సున్నా

మేడ్చల్‌లో పన్ను రిటర్నులు నింపే రాఘవేందర్ కంప్యూటర్లో ‘కొన్న ధర’ అన్న గడిలో సున్నా కొట్టేసరికి రోజారాణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

అవి వాళ్ళ నాయిన గౌరయ్య షేర్లు. ఆయన మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. కంపెనీ పనివాళ్ళకు షేర్లు అమ్మి, వాటి ధర నెలనెలా జీతంలో కోసుకుంది. ఆరేళ్ళ కింద వాటిని బిడ్డ పేరున రాసిచ్చాడు. మచ్చ బొల్లారంలో బట్టలు కుట్టి బతికే రోజారాణి మొన్న ఎండాకాలం అవి అమ్మి రెండు పెద్ద మిషన్లు కొన్నది. ఎంతకు అమ్మిందో కాగితం ఉంది. నాయిన ఎంతకు కొన్నాడో చెప్పే జీతం చిట్టీలే లేవు. చెల్లికి పోయిన షేర్ల కాగితాలు తన ఇంట్లో ఎందుకని అన్న నగేష్ వాటిని పాత పేపర్లతో కలిపి తూకానికేశాడు.

ధర తెలియకపోతే సున్నాయే, వచ్చిన సొమ్మంతా లాభమే అన్నాడు రాఘవేందర్. కాదంటే ఐదు వేలిస్తే పాత తారీఖుతో ఒక కాగితం పుట్టిస్తానన్నాడు. “ఉత్తగ ఒచ్చినయే గదక్కా” అని నవ్వాడు.

“నాకు ఉత్తగ ఒచ్చినయి. మా నాయినకు రాలే,” అంది రోజారాణి. “గా ఫ్యాక్టరీ పొగకు ఆయన ఇయ్యాల నాలుగు మెట్లు ఎక్కలేడు. నీ సున్నా ఒద్దు, నీ దొంగ కాగితం ఒద్దు.”

ముందే ఇచ్చిన ఐదొందల అడ్వాన్సు సంగతి కూడా మరిచి, కాగితాలు లాక్కుని బయటపడింది. ఆ కోపంలోనే మర్నాడు కామేశ్వరమ్మ గారి జాకెట్టు చేతులు తిరగేసి కుట్టింది. ఆవిడ ఆడిటర్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. జాకెట్టు చూసి, కోప్పడకుండా సంగతేమిటని అడిగింది. అంతా విని, ఆ షేర్లు ఎప్పటివని అడిగింది.

“ఇరవై ఏండ్లు దాటింది మేడమ్.”

“అయితే చిట్టీల కోసం ఏడవక్కర్లేదమ్మా. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీయేగా? రెండువేల పద్దెనిమిది జనవరి ముప్పై ఒకటిన మార్కెట్ ధర ఎంతో అదే కొన్న ధరగా వేసుకోవచ్చు; ఆ రోజు దాకా పెరిగిన దానికి పన్ను లేదు. అప్పటికే మీ నాన్నగారి దగ్గర ఉన్నాయని చూపిస్తే చాలు.”

రోజారాణి అదే పూట అలియాబాద్‌లో ఉన్న నాయిన దగ్గరికి పోయింది. ఏటేటా షేర్ల డివిడెండు పడిన బ్యాంకు పాసుబుక్కు ఆయన పెట్టెలోనే ఉంది. మేడ్చల్ ముచ్చట విని గౌరయ్య వంగి దాన్ని తీసి బిడ్డ చేతిలో పెట్టాడు. ఆయాసం తగ్గాక, “ఉన్నదున్నట్టు రాయి బిడ్డా. ఒక్క రూపాయి దాచకు,” అన్నాడు.

కామేశ్వరమ్మ దగ్గరుండి నింపించింది. రాఘవేందర్ చెప్పిన దాంట్లో పదో వంతు కూడా పన్ను పడలేదు. రోజారాణి అది కట్టేసి, అడ్వాన్సు వెనక్కి తెచ్చుకుందామని మళ్ళీ మేడ్చల్ పోయింది. ఆ రూలు తనకు తెలియదన్నాడు రాఘవేందర్.

“తెల్వకుంటే తెల్వదనాలె.”

రాఘవేందర్ గల్లాలోంచి ఐదొందలు తీసిచ్చాడు. బయట బెంచీ మీద నాయినతో పనిచేసిన లింగం, చేతిలో షేర్ల కాగితాలతో కూర్చుని ఉన్నాడు. రోజారాణి ఆయన పక్కనే కూర్చుని, లోపలికి వినపడేంత గట్టిగా, జనవరి ముప్పై ఒకటి సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.